దుప్పట్లో ఇసుక

నమీబ్ ఎడారిలోని ఆ సఫారీ క్యాంపులో ఎర్నా ఇరవై ఆరేళ్లు దుప్పట్లు ఉతికింది. పని మానేసే రోజున యజమాని ముచ్చటపడి, ఆమెను రెండు రోజులు అతిథిగా ఉండమన్నాడు.

మొదటి రోజు పొద్దునే ఆమె దుప్పటి ఈడ్చుకుంటూ భోజనాల గుడారంలోకి వచ్చింది.

"దీన్ని ఉతకడమంటారా? నిండా ఇసుకే!" అని విదేశీ అతిథులందరి ముందూ కేకలేసింది.

వడ్డించే వేకొంజా సిగ్గుతో తల దించుకుని దుప్పటి మార్పించాడు. మర్నాడూ అదే గోల. ఈసారి ఎర్నా నేరుగా యజమాని దగ్గరకే వెళ్లింది. గంట తిరక్కుండా, ఆమె స్థానంలో చేరిన పిల్లను పనిలోంచి తీసేశారు.

వేకొంజాకు ఒళ్లు మండిపోయింది. టీ కప్పు ఆమె ముందు ఠక్కున పెట్టాడు.

"రెండ్రోజులు కుర్చీలో కూర్చోగానే దొరసానివైపోయావా పెద్దమ్మా? అది నీ సొంత మనవరాలు! ఏడుస్తూ మూట సర్దుకుంటోంది. దాని నోటికాడ కూడు ఎందుకు తీశావు?"

"విండ్‌హుక్ పట్నంలో దానికి నర్సు చదువుకు సీటొచ్చిందిరా. చేతికి జీతమొస్తుంటే చదువెందుకంటుంది. బతిమాలాను, తిట్టాను, వినలేదు. చేరడానికి సోమవారమే ఆఖరు."

"అయినా అంత ఇసుక ఎలా వదిలేసింది?"

"దాని ఉతుక్కి వంక పెట్టలేం నాయనా. రెండుసార్లూ నేనే పోశాను" అంది ఎర్నా. "దానికి మాత్రం చెప్పకు. నన్ను తిట్టుకుంటూనే బండెక్కనీ."