రేపటి తేదీ చెల్లదు

కూలి కోసం వలసపోయి జాడ తెలియకుండా పోయినవాళ్లను వెతకడానికి ఒక సంస్థ 2007లో వెబ్‌సైట్ పెట్టించుకుంటోంది. తప్పిపోయినవాళ్ల వివరాలు నింపే ఫారంలో తప్పులు రాస్తే సర్వరే పట్టుకుని తిప్పి పంపేలా కోడ్ రాసింది కావ్య. వనపర్తి ఆఫీసు మేడ మీద వాన రాత్రి ఒక్కతే కూర్చుని దాన్ని పరీక్షిస్తోంది.

"నెట్టు వైరు పీకేసిన బిడ్డా, ఉరుముతుంది!" కింది నుంచి వాచ్‌మన్ మల్లన్న కేకేశాడు.

"మంచిది కాకా! సర్వర్ ఈ కంప్యూటర్లనే ఉంది. నా పని ఆగదు."

అప్పుడే, ఆమె కీబోర్డు ముట్టకుండానే, ఒక ఫారం వచ్చింది. తప్పిపోయిన మనిషి పేరు ఖాళీగా ఉంది. కోడ్ తిప్పి పంపింది. వెంటనే మళ్లీ వచ్చింది. ఈసారి పేరు కావ్య. చివరిసారి కనిపించిన చోటు ఈ ఆఫీసే. తేదీ మాత్రం రేపటిది.

నెట్టు లేదు, బయటి నుంచి ఎవరూ పంపలేరు. అయినా ఆమె భయపడలేదు. ఇంకా రాని తేదీని తన కోడ్ ఒప్పుకోదు. అనుకున్నట్టే తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి: "రేపటి తేదీ చెల్లదు. సరిచేసి పంపండి."

"గట్ల పని చెయ్యాలె," అని నవ్వుకుంది.

వాన చప్పుడు ఆగిపోయింది. "కాకా!" అని పిలిచింది. పలుకు లేదు.

ఫారం మళ్లీ వచ్చింది. ఈరోజు తేదీ వేసి ఉంది. కోడ్‌కు అందులో ఏ తప్పూ కనిపించలేదు.