దొరగారి కాళ్ళ దగ్గర కంత

"ఆ చెక్కబొమ్మ తీయిస్తారా, లేదా? అదొక్కటీ చెప్పండి సార్!"

మ్యూజియం గైడు బల్ల మీద చరిచిన చరుపుకి సూపరింటెండెంటుగారి టీ తొణికింది. ఆయన మాత్రం తొణకలేదు.

"ముందు కూర్చోమ్మా. జనం ముచ్చటపడి ఫోటోలు దిగుతుంటే నీకేమిటి ఇబ్బంది?"

ముచ్చటట, ముచ్చట! గేటు దగ్గర నిలువెత్తు చెక్క. దాని మీద గీసిన బొమ్మలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న తెల్లదొర. ఆయన ముందు మోకాళ్ళ మీద వంగి బూట్లు తుడుస్తున్న మన మనిషి. మొహాలుండాల్సిన చోట రెండు కంతలు. వెనకనుంచి వాటిలో మొహం పెట్టి ఫోటో దిగాలి. పై హాల్లో ఉన్న పాత పటానికి అది నకలు.

"ఆ పటం ఎప్పుడైనా సరిగ్గా చూశారా సార్? దొరకి కనురెప్పల వెంట్రుకలతో సహా గీశారు. మనవాడికి కళ్ళూ ముక్కూ కూడా లేవు, నల్లటి ముద్ద! వీడికి మొహం కూడా దండగనుకున్నారు."

"అప్పటి కళ అంతేనమ్మా. కళని కళలాగే చూడాలి."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఆమెకి దొర మీద కంటే ఈయన మీదే ఎక్కువ ఒళ్ళు మండింది.

"పొద్దున బడిపిల్లలొచ్చారు. దొర కంత కోసం తోపులాట. రెండోదాంట్లోకి ఒక్కరూ రారు. చివరికి అందర్లోకీ నల్లగా ఉన్న పిల్లని పట్టుకుని అందులోకి తోశారు సార్. అది ఏడుస్తుంటే చుట్టూ నవ్వులు."



సూపరింటెండెంటు గ్లాసు పక్కన పెట్టాడు. "ఏడ్చిందా?"

"వెక్కి వెక్కి. ఇష్టపడి ఎవరు పెడతారు సార్ అక్కడ మొహం?"

ఆయన లేచి కిటికీలోంచి చూశాడు. దొర కంతలో ఎవరో పళ్ళికిలిస్తున్నారు. రెండోది బోసిగా ఉంది.

"నువ్వన్నది అక్షరాలా నిజమమ్మా. ఇన్నాళ్ళూ నా బుర్రకి తట్టలేదు. పసిపిల్లల్ని ఏడిపించడం మహాపాపం. ఇకమీదట ఏ పిల్లా ఆ కంతలోకి వెళ్ళక్కర్లేదు."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకుని రెండు చేతులూ జోడించింది.

"మీ మేలు మర్చిపోను సార్!"

"దాందేముందిలే," అన్నాడాయన ఆప్యాయంగా. "రేపట్నుంచి అందులో నువ్వే మొహం పెడుదువుగాని."