మెత్తటి వంట

ఈత మాస్టారు కొలను గట్టు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

రెండు చేతులూ గట్టు మీద ఆనించి ఒళ్లు పైకి లాగారు. భుజాలు నీళ్లలోంచి తేలాయి, నడుము తేలలేదు. మళ్లీ లాగారు. మళ్లీ జారారు.

ఈత నేర్చుకోడానికొచ్చిన ఆడవాళ్లు ఆయనేదో సరదా చేస్తున్నారనుకుని నవ్వారు. ఎంతమందిని పిల్లికూనల్లా ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టిన చేతులవి! కాసేపటికి ఆయన మొహం చూసి నవ్వు ఆపేశారు. ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని పైకి లాగారు.

"ఇంట్లో చెప్పకండమ్మా," అన్నారాయన తువ్వాలు కప్పుకుంటూ.

చెప్పకుండా ఎలా ఉంటారు? మధ్యాహ్నానికల్లా కబురు కూతురికి చేరిపోయింది. ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. బిగిస్తున్న ఫ్రేము అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

వచ్చేసరికి తల్లీ తండ్రీ భోజనానికి కూర్చున్నారు. గంజిలా జారిపోతున్న అన్నం, ఉడికించి మెదిపిన బంగాళాదుంప. ఇద్దరి కంచాల్లోనూ అదే.

"మళ్లీ ఇదేనా నాన్నా?"

"పళ్లు సలుపుతున్నాయే. మెత్తగా ఉంటే హాయిగా దిగిపోతుంది."

ఆ మాట ఆయన చాలా నెలలుగా అంటున్నారు. ఒకప్పుడు వేయించిన వేరుశనగలు జేబు నిండా పోసుకుని, కొలను చుట్టూ తిరుగుతూ పటపటా నమిలిన మనిషి. మొన్నామధ్య కూతురు ఓ పొట్లం తెస్తే గుమ్మంలోనే ఆపేశారు. "ఇంట్లోకి తేకు తల్లీ. చూస్తే మనసు లాగుతుంది."

కొలను దగ్గర అలా జరిగిన రోజు నుంచి కూతురికి కాలు ఒకచోట నిలవలేదు. తండ్రి గుండె చూపించింది. నరాలు చూపించింది. రక్తం పరీక్ష చేయించింది. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. బాగుందన్న ప్రతిసారీ ఆమె కంగారు పెరిగింది. పేరు లేని జబ్బుని ఏమని తిట్టుకోవాలి?

చివరికి ఓ పెద్ద డాక్టరు మాస్టారి తొడ చుట్టూ టేపు పెట్టి చూశాడు. పట్టు బలం కొలిచే ఓ పిడి చేతికిచ్చి గట్టిగా నొక్కమన్నాడు. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

"కండ కరిగిపోతోంది. ఏం తింటున్నారు?"

కూతురే చెప్పింది.

"అయితే మూలం నోట్లో ఉందమ్మా," అన్నాడు డాక్టరు. "నమలలేనివాళ్లు ముందు మాంసం వదిలేస్తారు. తర్వాత గింజలు, పచ్చి కూరలు. కడుపు నిండినట్టే ఉంటుంది, కండకి మాత్రం ఏమీ అందదు. ఈ వయసులో పడితే లేవడం కష్టం. ముందు పళ్లు బాగు చేయించండి."

కూతురికి ప్రాణం లేచొచ్చింది. పళ్లే కదా!

మాస్టారు మాత్రం రానన్నారు. ఒకసారి తలనొప్పి. ఒకసారి ఎవరో చుట్టాలొస్తున్నారు. ఇంకోసారి చెప్పులు కనిపించలేదు.

"చిన్నప్పుడు నా పన్ను పీకించడానికి ఎత్తుకెళ్లింది నువ్వే కదా! అమ్మ ఆస్పత్రి గేటు కూడా దాటలేదు. ఇప్పుడు నీకు భయమేంటి నాన్నా?"

"భయమే అనుకో."

"నువ్వైనా చెప్పమ్మా!"

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. చేతి గడియారం మోచేతి దాకా జారింది. నాన్న మీద బెంగతో అమ్మ కూడా చిక్కిపోతోంది, మాట్లాడటమే మానేసింది అనుకుంది కూతురు. తండ్రి మీద ఇంకా మండిపడింది.

ఆ వారమే మాస్టారు బాత్‌రూములో పడ్డారు. ఎముకేమీ విరగలేదు, కానీ లేవలేకపోయారు. లేపబోయి తల్లి కూడా పక్కనే చతికిలబడింది. కూతురు వచ్చేదాకా ఇద్దరూ తడి నేల మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చునే ఉన్నారు.

ఇక కూతురు ఎవరి మాటా వినలేదు. కారు పిలిచి ఇద్దర్నీ ఎక్కించింది.

పళ్ల డాక్టరమ్మ కుర్చీ వెనక్కి వాల్చింది. దీపం మాస్టారి మొహం మీదికి తిప్పింది.

"కొంచెం నోరు తెరవండి బాబాయిగారూ."

ఆయన పెదాలు బిగించారు.

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను! ఆ చేతులు ఎలా అయిపోయాయో చూసుకో. ఇంకోసారి పడితే?" అంది కూతురు.

ఆయన తల అడ్డంగా ఊపారు. చూపు కూతురి మీద లేదు, డాక్టరమ్మ మీదా లేదు. గుమ్మం వైపే ఉంది.

తల్లి గుమ్మం బయట నిలబడి ఉంది. పక్క గదిలో ఏదో యంత్రం గీమంటూ మోగుతోంది. ఆమె మొహం పాలిపోయింది. తలుపు గట్టిగా పట్టుకుంది. తర్వాత ఓ అడుగు లోపలికి వేసింది.

"వద్దు, నువ్వు బయటే ఉండు!" అన్నారు మాస్టారు గాభరాగా.

ఆమె ఆగలేదు. కుర్చీ దాకా వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇక లేవండి," అంది.

తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది.

"ఆయన పళ్లు రాళ్లలా ఉన్నాయి డాక్టరమ్మా, నా దవడ పళ్లన్నీ ఊడిపోయినా ఈ కుర్చీకి భయపడి గంజితో సరిపెట్టుకున్నది నేను, నా ముందు నమలడానికి మనసొప్పక ఆయన కూడా అదే తిన్నారు."