వినీలాష్ అంటే?

“వినీలాష్!”

ఆమె కేకకి చెప్పుల షాపులో అందరి తలలూ ఇటు తిరిగాయి. అద్దాల తలుపు తోసుకుని రోడ్డు మీదికి ఉరకబోతున్న నాలుగేళ్ళ పిల్లాడు గడప దగ్గరే ఆగిపోయాడు. ఆమె ఒక్క అంగలో వెళ్ళి వాడి రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. బస్సు ఒకటి హారన్ మోగించుకుంటూ వెళ్ళిపోయింది.

“ఏమని పిలిచావమ్మా?”

అడిగింది పక్క బెంచీ మీది కళ్ళజోడావిడ. అరవై దాటి ఉంటాయి. ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి పాతది.

“ఏదో ఇంట్లో పిలుచుకునే పేరు లెండి.” ఆమె పిల్లాణ్ణి తనకి అవతలి వైపు కూర్చోబెట్టుకుంది.

“వినీలాష్ అన్నావు కదూ? నా కళ్ళే మొరాయిస్తాయి, చెవులు బాగానే పనిచేస్తాయి. ముప్పయ్యేళ్ళు బళ్ళో హాజరు పిలిచినదాన్ని. ఒక్క పేరు పిలిస్తే నలుగురు లేచి నిలబడేవాళ్ళు. ఇలాంటి పేరు మాత్రం ఒక్కడికీ లేదు. అర్థం ఏంటమ్మా?”

“నీలం... ఆకాశం. అలాంటిదే.”

“నిఘంటువులో దొరికే పేరు కాదులే ఇది. అతుకు కనబడుతోంది. ముందు వినీల. వెనక ఆకాషో, అవినాషో, ప్రకాషో. అమ్మది సగం, నాన్నది సగం. అంతేనా?”

“అంతే.”

“అయితే వినీలవి నువ్వన్నమాట.”

“ఊఁ.”

“మరి వెనకాయన ఎవరు?”

ఇంతలో బట్టతల సేల్స్‌మన్ డబ్బా పట్టుకొచ్చి పిల్లాడి ముందు చతికిలబడ్డాడు. “ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బజారుకొచ్చేశావేంట్రా హీరో?” అని నవ్వుతూ వాడి కాళ్ళకి బూట్లు తొడిగాడు.

“అవినాష్,” అంది ఆమె, అప్పటికి గుర్తొచ్చినట్టు.

కళ్ళజోడావిడ తల ఊపింది కానీ చూపు మాత్రం పిల్లాడి మీద నుంచి కదల్లేదు. “ఇల్లెక్కడమ్మా?”

“ఈ పక్కనే.”

“ఈ పక్కనా? నేనూ ఈ పక్కనే. ఎప్పుడూ కనబడలేదే! ఏ బళ్ళో వేశావు?”

“ఇంకా వెయ్యలేదు.”

ఈ ముసలావిడకి ఇన్ని ఆరాలెందుకు? ఆమెకి వీపు మీద జెర్రి పాకినట్టయింది. లేచి వెళ్ళిపోదామంటే పిల్లాడి కాలు ఇంకా సేల్స్‌మన్ చేతిలోనే ఉంది. కళ్ళజోడావిడ మెల్లగా జరిగి, చేతిసంచీలోంచి చాక్లెట్ తీసి వాడి ముందు ఆడించింది.

వాడు చెయ్యి చాచేలోపే ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. “వద్దండీ. బయటివాళ్ళు ఇచ్చినవి తినకూడదు.”

“నేనేం మందు కలిపి తేలేదమ్మా.”

“కలిపారని నేను అన్లేదు.”

సేల్స్‌మన్ తలెత్తి ఇద్దరి వంకా చూశాడు. కళ్ళజోడావిడ చాక్లెట్‌ని సంచీలో పడేసుకుంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. వంగి, పిల్లాడి గడ్డం పట్టుకుంది.

“పోనీ, నువ్వు చెప్పు నాన్నా. మీ అమ్మ పేరేంటి?”

వాడు నోరు తెరిచాడు.

“వాడి మీద చెయ్యెయ్యకండి!”

ఆమె వాణ్ణి లాగిన విసురుకి డబ్బా బెంచీ మీంచి దొర్లి కిందపడింది. పిల్లాడు బిక్కమొహం వేశాడు.

“మామ్మగారూ, మీరు మీ సైజు చూసుకోండి,” అన్నాడు సేల్స్‌మన్, కాస్త గట్టిగానే. “పరాయి పిల్లల గొడవ మనకెందుకు? అసలే రోజులు బాలేవు. పేరు కనుక్కోవడం, మచ్చిక చేసుకోవడం, సందు చూసుకుని ఎత్తుకుపోవడం. మిమ్మల్ని అంటున్నానని కాదు...”

“అనేశావుగా నాయనా!” ఆవిడ మొహం కందగడ్డలా అయింది. “అది కాదయ్యా. ఆ పేరు నేను విన్నాను. నిన్ననే విన్నాను. ఎక్కడ విన్నానో తట్టక బుర్ర తినేస్తోంది. ఇలాంటి పేరు ఊళ్ళో ఇద్దరికి ఉంటుందా, చెప్పు?”

“ఉంటుంది, ఉంటుంది. ఈ రోజుల్లో అందరూ రెండు పేర్లు కలిపి కుట్టేవాళ్ళే,” అని సేల్స్‌మన్ ఆమె వైపు తిరిగాడు. “మీరు వెళ్ళండమ్మా. ఈవిడ సంగతి నేను చూసుకుంటాను.”

ఆమె చిల్లర కోసం కూడా ఆగలేదు. ఒంటి కొత్త చెప్పుతో లేవబోయిన కళ్ళజోడావిడకి సేల్స్‌మన్ చెయ్యి అడ్డం పెట్టడం అద్దంలోంచి కనబడింది. ఆ మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకుని, పిల్లాణ్ణి చంకనేసుకుని రోడ్డు దాటింది. ఒక సందు తిరిగింది. మెకానిక్ షెడ్డు పక్కనుంచి ఇంకో సందులోకి మళ్ళి, గోడకి ఆనుకుని వెనక్కి చూసింది.

ఎవరూ రావట్లేదు.

అప్పటికి ఊపిరి పీల్చుకుంది. పిల్లాణ్ణి దించి, వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కొంగుతో వాడి మొహం తుడిచింది.

“ఆవిడ చెడ్డావిడ. అందుకే వచ్చేశాం. ఇంకెవరైనా నీ పేరడిగితే బంటి అని చెప్పు. సరేనా? ఏమని చెప్తావు?”

“బంటి.”

“మరి ఇందాకటి పేరు?”

“చెప్పకూడదు.”

“మా బంగారుకొండే!”

వాడు కొత్త బూట్లని నేలకేసి ఒకసారి తట్టి చూసుకున్నాడు. తర్వాత ఆమె మొహంలోకి చూస్తూ మెల్లగా అడిగాడు.

“అలా చెప్తే మా అమ్మ దగ్గరికి తీసుకెళ్తావా, ఆంటీ?”