చెవిలో గింజ

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. తప్పులుంటే మన్నించండి, రాయడం కూడా నెమ్మదే.

మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ళందరికీ ఇప్పుడు చెవిలో గింజంత యంత్రం పెడుతున్నారు, గింజ అనే అంటారు. ఎదుట ఎవరున్నారో పేరుతో సహా అదే చెబుతుంది. మంగళగిరిలో మగ్గం మానేసిన భావనారాయణకూ పెట్టారు.

పొద్దున భార్య ఉప్మా తెస్తే, ఆయన గింజ చెప్పింది విని, "రాజ్యలక్ష్మిగారూ, మీరు తిన్నారా?" అన్నాడు.

రాజ్యలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. పెళ్ళయిన నాటినుంచి ఆయన నోట తన పేరు వచ్చింది లేదు.

"ఇది తీస్తే పాత పిలుపు వస్తదేమోనమ్మా" అంది, చూడవచ్చిన నర్సుతో.

"తీయొద్దు మామ్మా. మీరెవరో తెలీక తాతగారు బెదిరిపోతారు."

"ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని చూసి బెదురుతాడా? నువ్వు మరీనూ."

నర్సు వెళ్ళాక మెల్లగా తీసేసింది. ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. పంచె సర్దుకుని, మర్యాదగా ఓ నవ్వు నవ్వి, వంటింటివైపు తిరిగి కేకేశాడు.

"ఏమేవ్, ఎవరో పెద్దావిడ వచ్చింది. మంచినీళ్ళు పట్రా."

రాజ్యలక్ష్మి లేచి వంటింట్లోకి వెళ్ళింది. "వస్తన్నా" అని అక్కడినుంచే పలికింది. గ్లాసు నింపుకుంది గానీ, మళ్ళీ ఆయన ఎదుటికి రాకుండా గుమ్మం వెనకే నిలబడింది.

అంకమ్మ, డెబ్బై నాలుగేళ్ళు, ప్రస్తుతం చీరాల.