ఓడ నుంచి వచ్చిన కాగితం

తనకు ఇంగ్లీషు రాదన్న సంగతి కూతురికి తెలిసిపోతుందేమో. అక్సాకు అన్నిటికన్నా పెద్ద భయం అదే. ఆ భయానికి ఈ ఆదివారం సంపూర్ణమ్మ ముహూర్తం పెట్టేసింది.

“వచ్చే ఆదివారం సమాధుల పండుగ గదా. మా అమ్మ సమాధి కాడ నాయిన ఉత్తరం ఈసారి బ్లెస్సీ చదువుతది. ఇయ్యాల నా ముందట ఒకసారి చదివి చూపియ్యాలె,” అంది మంచం మీద కళ్లజోడు తుడుచుకుంటూ.

సంపూర్ణమ్మ అక్సా భర్తకు నాయనమ్మ. ఎనభై రెండేళ్లు.

“దానికి హోంవర్కు ఉన్నదవ్వా. ఎప్పుడూ నేనే చదువుత గదా.”

“పదేండ్ల సంది చదువుతున్నవ్, ఎవరు కాదన్నరు? మునిమనవరాలు చదివితే మా అమ్మ ఆత్మకు సంబురం. నీ బిడ్డకు ఇంగ్లీషు చేతిరాతల ప్రైజొచ్చిందని నువ్వే గదనే ములకలపల్లంత చాటింపేసినవ్.”

అది నిజమేనని అక్సాకు తెలుసు. చాటింపు తనదే.

సంపూర్ణమ్మ తండ్రి ఆరోగ్యం. గోదావరిని మించిన నీళ్లు చూడని మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో చేరి, పసిఫిక్ సముద్రంలో తిరిగే ఓడ బాయిలర్‌లో బొగ్గు వేసే పనికి పోయాడు. అప్పటికి సంపూర్ణమ్మ తల్లి కడుపులో ఉంది. రెండేళ్ల తర్వాత లంగరు ముద్రతో ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చింది. అంతకు నెల ముందు చండ్రుగొండలో ఒకరింటికి అచ్చం అలాంటి కాగితమే వచ్చింది. అది చావు కబురు. ఆ రోజుల్లో ఈ అడవి ఊళ్లలో మిలటరీ నుంచి ఇంగ్లీషు కాగితం దిగిందంటే ఇంక అడగాల్సిందేమీ ఉండేది కాదు. తల్లి గడపలోనే కూలబడింది. చదివి చెప్తానని చర్చి ఉపదేశిగారు వస్తే, “సచ్చిండని మళ్లొకసారి వినాల్నా?” అని పంపించేసింది. కాగితాన్ని బైబిల్లో పెట్టి తెల్లచీర కట్టుకుంది. మళ్లీ ఏ కబురూ రాలేదు. డెబ్బై ఏళ్లు ఇంకో రంగు కట్టలేదు. బతికున్నన్నాళ్లు ఆ కాగితాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు.

ఆమె పోయిన ఏడాదే అక్సా కోడలై వచ్చింది. కారేపల్లి పిల్ల. ఎనిమిదిలో బడి మాన్పించి మిరప తోటల్లో కాయ ఏరడానికి పంపారు. పెళ్లిచూపుల్లో మాత్రం టెన్త్ పాస్ అన్నారు. ఆ ఇంట్లో మగవాళ్లకు ఇంగ్లీషంటే లారీల వెనక రాతలే. అందుకే కొత్తకోడలు వచ్చిన వారానికే సంపూర్ణమ్మ లోపలిది కనపడే ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. ముందు ఉత్తరం, దాని వెనక నేవీ టోపీతో ఆరోగ్యం ఫొటో.

ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్న ఆ అక్షరాల్లో అక్సాకు ఒక్కటీ చిక్కలేదు. రాదనడానికి నోరు రాలేదు. తోచింది చదివేసింది. ఓడకు నిప్పంటుకుందనీ, చుట్టూ నీళ్లేననీ, తను దేవుని దగ్గరికి పోతున్నాననీ, బిడ్డ పైలమనీ. సంపూర్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక నిజం చెప్పే దారి మూసుకుపోయింది. ఏటా సమాధి దగ్గర అవే మాటలు. ఇప్పుడవి ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు.

“బ్లెస్సీ, ఇటు రాయే,” పిలిచింది ముసలామె.

నాలుగో తరగతి పిల్ల పరుగెత్తుకొచ్చి కవరు అందుకుంది.

“ఇక్కడ చీకటిగున్నది, రేపు చదువుతదిలే,” అంది అక్సా.

“మిట్ట మధ్యాహ్నం చీకటేందే? నీ కండ్లకేమన్న అయ్యిందా?”

“ప్లాస్టిక్ మెరుస్తున్నది, అక్షరాలు కనపడ్తలేవు,” అని బ్లెస్సీ కాగితాన్ని బయటికి లాగింది.

“మెల్లగ. చినుగుతది.”

“అవ్వా, నీకొక మాట చెప్పాలె,” అంది అక్సా.

“తర్వాత చెప్పరాదు. పిల్ల చదువుతున్నది గదా.”

బ్లెస్సీ వేలు పెట్టి కూడబలుక్కుంటూ, ఒక్కో మాటనూ తెలుగులోకి మార్చి చెప్పింది. “‘నీ భర్త చెప్తుంటే నేను రాస్తున్నాను’ అని ఉందవ్వా.”

“అవ్, పానం పోయేముందు పక్కోనితోని రాయించి ఉంటడు. ఆయనకు ఇంగ్లీషు ఏడొస్తది?”

“‘మా ఓడ మీద బాంబు పడింది. బాయిలర్ గది కాలిపోయింది. నాతో పనిచేసేవాళ్లు ఎవ్వరూ మిగల్లేదు. బిడ్డ పుట్టిందా? ఎవరి పోలిక?’” పిల్ల తలెత్తింది. “అమ్మా, నువ్వు చదివినట్టే ఉన్నది.”

అక్సా పదేళ్ల అబద్ధాన్ని దేవుడే కప్పాడనుకుంది. కళ్లు తుడుచుకుంది.

“నేనంటలే, మా కోడలు పొల్లు పోకుండ చదువుతదని,” అంది సంపూర్ణమ్మ. “చెట్టంత మనిషి, ఎంత బుగులు పడి సచ్చిండో. నా పోలిక అడిగిండు సూడు. ఇంతకీ నువ్వేందో చెప్పాలన్నవ్?”

“ఏం లేదవ్వా.”

“ఇగ చాలు, కవర్ల పెట్టు బిడ్డా.”

బ్లెస్సీ కాగితం మడవబోయి ఆగింది. “అమ్మా, దీని వెనకాల కూడ రాసుంది. నువ్వెప్పుడు చదవలే?”

ఆ పక్కను ఎప్పుడూ ఫొటో కప్పేసి ఉండేది. రానిదాన్ని తీసి తిప్పి చూడాలన్న ఆలోచన అక్సాకెప్పుడూ రాలేదు.

“వెనకాలనా? చదువు, చదువు,” సంపూర్ణమ్మ ముందుకు వంగింది. “ఇంకేం చెప్పిండో మా నాయిన.”

పిల్ల వేలు ఒక పెద్ద మాట దగ్గర ఆగింది. పెదవులతో కూడుకుంది. తల్లి వంక చూసి, మళ్లీ కాగితంలోకి చూసి, మెల్లగా చదివింది.

“‘విశాఖపట్నం ఆస్పత్రిలో ఉన్నాను, ఎవరైనా ఒక్కసారి వచ్చి నన్ను చూసిపోండి.’”