జైలాటలో కొత్త గార్డు

"ఖైదీలను నంబరుతో కాదప్పా, పేరుతో పిలవాల," అన్నాడు కొత్త గార్డు.

ఫోన్లలో నలభై మంది నవ్వారు.

అది నిజం జైలు కాదు. హిందూపురం నాగరాజు ఫోన్లో కట్టుకున్న ఆట జైలు. ఆదివారం మధ్యాహ్నం ఎవరింట్లో వాళ్లు మైకు పెట్టుకుని కూర్చునేవారు. కొందరు ఖైదీలు, కొందరు గార్డులు.

నాగరాజు జైలరు. పెనుకొండ చంద్రమోహన్ హెడ్ గార్డు. రెండేళ్లుగా వాళ్లిద్దరిదే పెత్తనం.

గార్డుల విధులంటూ నాగరాజు ఎక్కడినుంచో ఇరవై రెండు నియమాలు ఎత్తుకొచ్చి పెట్టాడు. పెట్టినవాడే చదవలేదు. గార్డంటే లాఠీ తిప్పాలి, ఖైదీని తిట్టాలి. వాళ్లకు తెలిసింది అంతే.

ధర్మవరం నుంచి చేరిన ఈ కొండప్ప మాత్రం ఇరవై రెండూ చదివి వచ్చాడు. గొంతును బట్టి అరవైకి దగ్గర పడ్డ మనిషి.

గంటకోసారి హాజరు తీసుకునేవాడు. ప్రతి గది ముందూ ఆగి, పేరు పిలిచి, లోపలినుంచి జవాబు వచ్చేదాకా కదిలేవాడు కాదు. సంకెళ్లు వేసిన ఖైదీని ఎవరైనా కొడితే జైలరుకు ఫిర్యాదు రాసేవాడు.

మొదటి ఆదివారమే చంద్రమోహన్ మీద ఏడు ఫిర్యాదులు పడ్డాయి.

చంద్రమోహన్‌కు ఒళ్లు మండింది.

"రిటైరైన వార్డరు ఉన్నట్టుండాడు. ఇంట్లో ఎవురూ మాట ఇనక, ఈడికొచ్చి మన నెత్తినెక్కినాడు," అన్నాడు.

అందరూ అదే ఖాయం చేసుకున్నారు. 'పింఛను గార్డు' అని పేరు పెట్టారు. ఆయన హాజరు పిలుస్తుంటే ఖైదీలు మేకల్లా అరిచేవారు. ఎదురుగా నిలబడి అనలేని మాటలు మైకులో ఎన్నైనా అనొచ్చు కదా, అన్నీ అన్నారు.

ఆయన ఓపిగ్గా మళ్లీ పిలిచేవాడు. ఆ ఓపికే వాళ్లకు ఇంకా కోపం తెప్పించేది.

ఒక వారం ఖైదీల తిరుగుబాటు పెట్టారు. అందరూ నెల రోజులుగా ఎదురుచూస్తున్న ఆట అది. సరిగ్గా గోడ పగలగొట్టే సమయానికి కొండప్ప గేట్లన్నీ మూసేశాడు. ఒక ఖైదీ పలకడం లేదు, లెక్క తేలేదాకా ఎవరూ కదలకూడదు, తొమ్మిదో నియమం అన్నాడు.

పలకని ఖైదీ ఫిర్దోస్. హిందూపురం అమ్మాయి. ఫోను పక్కన పెట్టి, పొయ్యి మీద కూర మాడుతోందని వెళ్లింది. పది నిమిషాలకు వచ్చింది. ఆ పది నిమిషాలూ కొండప్ప తిట్లు తింటూ ఆమె గది ముందే నిలబడ్డాడు.

"ఆయన్నన్నా పంపు, మమ్మల్నన్నా పంపు," అని చంద్రమోహన్ తేల్చి చెప్పాడు.

నాగరాజుకు భయం పట్టుకుంది. వారానికి ముప్పై మంది రాకపోతే ఆట కంపెనీవాళ్లు జైలును తీసేస్తారు. డిగ్రీ తప్పి, ఉద్యోగం లేక, ఇంట్లో కూడా ఎవరూ లెక్కచేయని నాగరాజును 'సార్' అని పిలిచే చోటు అదొక్కటే.

ఓటు పెట్టాడు. ఊరికే తీసేస్తే సరిపోదు, బుద్ధి చెప్పాలన్నారు అందరూ. కొండప్పకు గార్డు బట్టలు తీసేసి, ఖైదీ బట్టలు తొడిగి, చీకటి గదిలో వేశారు. ఆ గదిలో పడ్డవాడికి తెర నల్లగా ఉంటుంది. వాడి మైకు పనిచేయదు. బయటి మాటలు మాత్రం వినబడతాయి.

తలుపు పడే ముందు కొండప్ప ఒకే మాట అడిగాడు.

"ఎన్ని దినాలప్పా?"

"మేం చెప్పిందాకా," అన్నాడు నాగరాజు. అందరూ పడీపడీ నవ్వారు.

విచిత్రం ఏమిటంటే, ఆయన ఆట మానేయలేదు. మూడు ఆదివారాలు టైముకు వచ్చి ఆ నల్ల తెర ముందు కూర్చున్నాడు. చంద్రమోహన్ వెళ్లి ఆ తలుపు మీద లాఠీతో బాది వచ్చేవాడు.

నాలుగో ఆదివారం ఆయన రాలేదు.

ఆ వారం వచ్చిన ఖైదీలు పద్దెనిమిది మంది. మరుసటి వారం పదకొండు. నాగరాజు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. పనుంది, ఒంట్లో బాగాలేదు అని తప్పించుకున్నారు. నిజం చెప్పింది ఫిర్దోస్ ఒక్కతే.

"మీతో తన్నులు తినేదానికి రావల్నా? ఆయన పిలిస్తే, లోపల ఒక మనిషి ఉండాదని అనిపిస్తాన్నింది."

ఎలాగైనా బతిమాలి తెచ్చుకుందామని నాగరాజు ధర్మవరం రైలెక్కాడు. ఇల్లు వెతకడం కష్టం కాలేదు. ఆటలో చేరేటప్పుడు నిజం పేరు, నిజం చిరునామా, డోరు నంబరుతో సహా రాసినవాడు ఆయనొక్కడే.

చిన్న ఇల్లు. ముందు గదిలో మగ్గం మీద ఆయన భార్య యల్లక్క పట్టుచీర నేస్తోంది. లోపలి గదిలో కొండప్ప గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండు వారాలుగా అంతేనట. అన్నం కూడా అక్కడికే.

నాగరాజు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"పెద్దమ్మా, ఆయప్ప ఏ జైల్లో పని చేసినాడు? అంత బాగా డ్యూటీ చేసేవాళ్లను నేను యాడా చూడల్యా. క్షమించమని అడిగి, మళ్లా పిల్చుకోని పోదామని వచ్చినా."

యల్లక్క మగ్గం ఆపింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు, కోపమే ఉంది.

"ఒక్క జైలన్నా సరిగ్గా నడుస్తాదేమో చూస్తానని ఆ ఫోను పట్టుకున్న్యాడు," అంది. "ఆయనకు డ్యూటీ యాడిదప్పా, చేయని ఖూనీకి తొమ్మిదేండ్లు జైల్లో పెట్టి, తప్పు లేదని కోర్టు ఇడిసిపెట్టి ఇంకా ఏడాది కాలా."